సముద్రానికి ఏడు కిలోమీటర్ల దూరంలో స్పోర్ట్స్ కారు: కొనవచ్చా, ఇంట్లో ఎలా నిలపాలి?

పట్టునగరవాసి (బరంపురం):

అందరికీ నమస్కారం. మా ఇల్లు బరంపురం నుంచి గోపాల్‌పూర్ వెళ్లే దారిలో, సముద్రానికి సుమారు ఏడు కిలోమీటర్ల ఇవతల ఉంది. చదువుకునే రోజుల నుంచి ఉన్న ఒక కోరిక ఇన్నాళ్లకు తీరేలా కనిపిస్తోంది. 2018 నాటి పోర్షే 718 కేమన్ ఒకటి హైదరాబాద్‌లో అమ్మకానికి ఉంది. రెండు లీటర్ల టర్బో ఇంజన్, 300 హార్స్‌పవర్, ఏడు గేర్ల పీడీకే (పోర్షే ఆటోమేటిక్ గేర్‌బాక్సు). మీటరు 22,000 కిలోమీటర్లు చూపిస్తోంది. రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను గాని, ఇంకా బయానా ఇవ్వలేదు.

రోజూ దుకాణానికి వెళ్లడానికి మామూలు కారు ఉంది కాబట్టి దీన్ని ఆదివారాలు గోపాల్‌పూర్‌కో, రంభకో, తప్తపాని ఘాట్ మీదుగా మోహన వైపుకో తీసుకువెళ్తాను. నెలకో రెండు నెలలకో ఒకసారి విశాఖపట్నం ప్రయాణం ఉంటుంది. మిగిలిన రోజులన్నీ కారు ఇంట్లోనే నిలిచి ఉంటుంది. అందుకే, ఇలాంటి కారు మన ప్రాంతంలో నమ్మకంగా నడుస్తుందా అన్నది ఎంత ముఖ్యమో, నిలిపి ఉంచినప్పుడు చెడిపోకుండా ఉంటుందా అన్నదీ నాకు అంతే ముఖ్యం.

ఇంటి పక్కన ఒక పాత షెడ్డు ఉంది. లోపలి కొలత పొడవు 18 అడుగులు, వెడల్పు 9 అడుగులు. ఇటుక గోడలు, పైన ఇనుప రేకులు, ముందు రోలింగ్ షట్టర్. మా వీధిలో వాననీరు నిలుస్తుందని నాన్నగారు అప్పట్లో షెడ్డు గచ్చును వీధి మట్టం కన్నా అడుగున్నర ఎత్తులో వేయించారు. గేటు నుంచి షట్టర్ దాకా 16 అడుగుల స్థలం ఉంది. ఇప్పుడున్న ర్యాంపు ఆరడుగుల పొడవే కాబట్టి స్కూటర్లకు సరిపోతుంది గాని, ఈ కారు ముక్కు దానికి తప్పకుండా తగులుతుందని నా భయం.

నాన్నగారు మాత్రం, ఉప్పుగాలి ఊళ్లో ఇలాంటి బండి పెట్టుకోవడమంటే పట్టుచీరను పెరట్లో దండెం మీద ఏడాది పొడుగునా ఆరవేయడమే అంటున్నారు. వ్యాపారం చేసే మనిషి మాట గనుక కొట్టిపారేయలేకపోతున్నాను. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతకార్ల ప్రేమికుడు (ఛత్రపురం):

మీ నాన్నగారి పోలిక బాగుంది, కానీ సగమే నిజం. నేను తొమ్మిదేళ్లుగా ఛత్రపురంలో ఒక రెండు సీట్ల విదేశీ కారు ఉంచుకున్నాను. మా ఇల్లు మీ ఇంటికన్నా సముద్రానికి దగ్గర. అది నడిచినప్పుడు పాడైన వస్తువులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నిలిచి ఉన్నప్పుడు పాడైనవాటికే నేను ఎక్కువ డబ్బు పోశాను.

మొదట ఇంజన్ సంగతి. ఈ కంపెనీ కార్ల గురించి ఇంటర్నెట్‌లో వెతికితే ఐఎంఎస్ బేరింగ్ (ఇంజన్ లోపలి ఒక ఇరుసును మోసే భాగం) అనే మాట ముందుగా కనిపించి భయపెడుతుంది. అది 1997 నుంచి 2008 వరకు వచ్చిన పాత ఇంజన్లకు సంబంధించిన సమస్య. 2009 నుంచి ఇంజన్ల నిర్మాణమే మారిపోయింది కాబట్టి 2018 నాటి 718 విషయంలో దాని గురించి ఆలోచించనక్కరలేదు. మీరు చూడవలసినవి వేరు. తక్కువ తిరిగిన కారంటే మనవాళ్లకు మహా మోజు గాని, రబ్బరు పైపులు, కూలెంట్ వెళ్లే ప్లాస్టిక్ భాగాలు, టైర్లు, బ్రేక్ ఆయిల్ వయసును బట్టి ముసలివవుతాయి తప్ప కిలోమీటర్లను బట్టి కాదు. మీరు చూసిన కారు ఏడేళ్లు దాటినది. దాని టైర్ల పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. మొదటి రెండంకెలు వారం, చివరి రెండంకెలు సంవత్సరం. అక్కడ 18 అని కనిపిస్తే, గాడులు ఎంత లోతుగా ఉన్నా, నాలుగు టైర్ల ఖర్చును బేరంలో తగ్గించమని అడగండి. ముందు టైరు, వెనుక టైరు వేర్వేరు సైజులు గనుక మామూలు కారులో లాగా ముందువి వెనక్కి మార్చి నడపడం కుదరదు. స్పేర్ చక్రం ఉండదు, పంక్చర్ మందు, చిన్న కంప్రెసర్ మాత్రమే ఇస్తారు. ఇచ్ఛాపురం దాటాక రాత్రివేళ టైరు చీలితే ఆ మందు పనికిరాదని గుర్తుంచుకోండి.

ఇంకొక చిట్కా. ఈ కార్ల ఇంజన్ కంప్యూటరులో ఇంజన్ మొత్తం ఎన్ని గంటలు తిరిగిందో నమోదవుతుంది. స్కానర్ తగిలించి ఆ గంటలు చూడమని అడగండి. 22,000 కిలోమీటర్లకు ఆరువందల పైచిలుకు గంటలు ఉంటే సగటు వేగం గంటకు 35 కిలోమీటర్ల దగ్గర పడుతుంది, అది సబబే. అదే పదిహేనువందల గంటలు చూపిస్తే, ఆ కారు బతుకంతా ట్రాఫిక్‌లో నిలబడి ఉండాలి, లేదా మీటరును ఎవరో వెనక్కి తిప్పి ఉండాలి. చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాధానమే.

ఇక మన ప్రాంతపు జబ్బుల గురించి. ఈ తరహా కార్లలో ఇంజన్ మధ్యలో లేదా వెనుక ఉన్నా, రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు మాత్రం ముందు బంపరులో, రెండు మూలల్లో ఉంటాయి. గాలి దూరే ఆ నోళ్లలోకి రోడ్డు మీది ఆకులు, సరుగుడు పుల్లలు, ప్లాస్టిక్ కవర్లు చేరి ఇరుక్కుంటాయి. మన దగ్గర ఆ ఆకుల చెత్త ఎండదు. చెమ్మ పట్టి, ఉప్పు కలిసి, అల్యూమినియం రెక్కలను లోపలి నుంచి తినేస్తుంది. మొదటి రెండేళ్లు నాకు ఈ సంగతి తెలియదు. సర్వీసు చేసిన చోట కూడా ఎవరూ బంపరు విప్పి చూడలేదు. ఏసీ పనిచేయడం మానేశాక విప్పితే పిడికెడు ఆకులు, వాటి కింద పొడిపొడిగా రాలుతున్న కండెన్సరు కనిపించాయి. ఇప్పుడు ఏటా దసరా వెళ్లాక బంపరు విప్పించి శుభ్రం చేయిస్తున్నాను.

రెండోది బ్యాటరీ. ఇది ముందు డిక్కీలో ఉంటుంది. ఆ డిక్కీ మూత తెరుచుకునేది కరెంటుతో. అంటే బ్యాటరీ పూర్తిగా దిగిపోతే బ్యాటరీ దగ్గరికి వెళ్లే దారే మూసుకుపోతుంది. లోపల కాళ్లు పెట్టే చోట ఉండే ఫ్యూజు పెట్టెలో ఒక ఎర్రటి కడ్డీ ఉంటుంది. దాన్ని బయటకు లాగి, వేరే బ్యాటరీ ప్లస్ తీగను దానికి తగిలించి, మైనస్ తీగను తలుపు దగ్గరి లోహానికి ఆనించి మూత తెరవవచ్చు. కానీ ఈ పని చీకట్లో మొదటిసారి నేర్చుకోవడం కన్నా, కారు తెచ్చుకున్న వారంలోనే పగటిపూట ఒకసారి చేసి చూసుకోవడం మేలు. తాళం వేసి ఉన్నా అలారం, కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి కాబట్టి, ఏజీఎం (లోపలి యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే) బ్యాటరీకి సరిపడే సెట్టింగు ఉన్న, నిండాక తనంతట తానే తగ్గే ఛార్జరు ఒకటి ఎప్పుడూ తగిలించి ఉంచండి. మన ఊళ్లలో కరెంటు పోయి వస్తుంటుంది, పోయి వచ్చాక మళ్లీ తనే మొదలయ్యే రకం చూసి కొనండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు నేను చెప్పనక్కరలేదు. అలాంటి వాయుగుండం కబురు వస్తే ముందే మైనస్ తీగ విప్పేయడం ఉత్తమం.

ఉప్పుగాలి విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. కెరటాల నుంచి లేచే ఉప్పు తుంపరలో ఎక్కువ భాగం తీరం నుంచి మొదటి ఒకటి రెండు కిలోమీటర్లలోనే రాలిపోతుంది. ఏడు కిలోమీటర్ల లోపలికి గాలిలో వచ్చేది తక్కువ. మీ కారుకు ఉప్పును తెచ్చేది గాలి కాదు, మీరే. ఆదివారం గోపాల్‌పూర్ బీచ్ రోడ్డులో రెండు గంటలు నిలిపి, తిరిగి వచ్చి, తుడవకుండా షెడ్డులో పెట్టి షట్టర్ దించితే, ఆ వారమంతా ఉప్పును ఇంట్లో దాచుకున్నట్టే. వానాకాలంలో జాడీలో కల్లుప్పు చెమర్చడం చూశారు కదా. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరవుతుంది, సముద్రపు ఉప్పులో మెగ్నీషియం కూడా ఉంటుంది గనుక అంతకన్నా ముందే చెమ్మ పడుతుంది. కారు అడుగున జరిగేది అదే. కాబట్టి తీరం నుంచి వచ్చిన రోజున అడుగుభాగం, చక్రాల గూళ్లు మంచినీళ్లతో కడగండి. బోరు నీరు మా వైపు ఉప్పగా ఉంటుంది, దానితో కడిగితే ప్రయోజనం లేదు. కడిగిన వెంటనే లోపల పెట్టకుండా పది నిమిషాలు నడిపి, బ్రేకులు నాలుగైదు సార్లు గట్టిగా వేస్తే డిస్కులు ఆరతాయి. హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి నిలపండి. తడి డిస్కుకు ప్యాడ్లు అంటుకుపోవడం మా ఊళ్లో ఏటా నాలుగైదు కార్లకు జరిగే తమాషా.

కిమిడి కాంట్రాక్టరు (పర్లాకిమిడి):

కార్ల గురించి పెద్దాయన చెప్పారు, నేను షెడ్డు గురించి మాత్రమే చెబుతాను. నాకు కారు లేదు, ఉన్నవాళ్ల షెడ్లు కట్టిన అనుభవం ఉంది.

ముందుగా ర్యాంపు. ఆరడుగుల పొడవులో అడుగున్నర ఎక్కడమంటే నాలుగుకు ఒకటి వాలు, సుమారు 14 డిగ్రీలు. మీ భయం సరైనదే. అయితే మీకు 16 అడుగుల స్థలం ఉందన్నారు, అది అదృష్టం. ఆ పదహారు అడుగులనూ వాడుకోండి, కానీ ఒకే వాలుగా వేయించకండి. వాలు మొదలయ్యే చోట బంపరు ముక్కు తగులుతుంది, వాలు ముగిసే చోట కారు కడుపు తగులుతుంది. అందుకని గేటు నుంచి మొదటి 4 అడుగులకు మూడంగుళాలు, తర్వాతి 8 అడుగులకు పన్నెండు అంగుళాలు, చివరి 4 అడుగులకు మళ్లీ మూడంగుళాలు ఎక్కేలా మూడు వాలులుగా పోయించండి. మొత్తం 18 అంగుళాలకు సరిగ్గా సరిపోతుంది. మధ్యలో కూడా ఏడు డిగ్రీలే పడుతుంది. ర్యాంపును గేటు బయటి మురుగుకాల్వ మీదికి పొడిగించాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మునిసిపాలిటీ వాళ్లు కొట్టేస్తారన్నది ఒక సంగతి, ఆ కాల్వ మూసుకుపోతే నీరు మీ వీధిలోనే నిలుస్తుందన్నది మరొకటి.

కాంక్రీటు పోసే ముందు మేము చేసే పరీక్ష ఒకటి ఉంది. ఈ కారు ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,475 మిల్లీమీటర్లు. అంత పొడవున్న తిన్నటి చెక్క పట్టెకు రెండు చివర్లా కారు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తు దిమ్మెలు బిగించి, ముక్కు ఎంత ముందుకు వస్తుందో అంత చెక్కను ముందుకు పొడిగించి, మట్టితో వేసిన నమూనా వాలు మీద కింది నుంచి పైదాకా జరపండి. ఎక్కడ రాసుకుంటే అక్కడ మట్టిని సరిచేసి, తర్వాతే పోత వేయండి. కారు లోపల కూర్చున్నవాళ్ల బరువుకు, బ్రేకు వేసినప్పుడు ముందు భాగం వంగడానికి మరో రెండు అంగుళాలు విడిచిపెట్టండి.

వెడల్పు గురించి. 9 అడుగులంటే 2.74 మీటర్లు. కారు ఒళ్లు 1.80 మీటర్లు, అద్దాలతో కలిపి సుమారు రెండు మీటర్లు. నట్టనడుమ నిలిపితే ఒక్కో పక్క అడుగున్నర మాత్రమే మిగులుతుంది. రెండు తలుపుల కార్లకు తలుపులు పొడుగ్గా ఉంటాయి గనుక మీరు దిగలేరు, దిగినా తలుపు అంచు గోడకు కొట్టుకుంటుంది. వీలైతే ఒక గోడను మూడడుగులు జరిపి 12 అడుగులు చేయండి. వీలుకాకపోతే కారును ఎడమ గోడ వైపు అరడుగు మాత్రమే వదిలి నిలపండి, అప్పుడు డ్రైవరు వైపు దాదాపు 79 సెంటీమీటర్లు దొరుకుతాయి. పక్కన కూర్చున్నవారు బయటే దిగాలి. నేల మీద పసుపు గీత వేసి, ముందు అద్దానికి ఆనేలా పైకప్పు నుంచి దారంతో ఒక బంతిని వేలాడదీయండి. పిల్లల ఆటలా కనిపిస్తుంది గాని, ఎంత ముందుకు వెళ్లాలో ఆ బంతి చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

పైకప్పు విషయంలో నేను రాజీపడను. రేకు కప్పు రాత్రి చల్లబడితే లోపలి వైపు చెమరుస్తుంది, తెల్లవారుజామున ఆ చెమట బొట్లుబొట్లుగా కారు మీద పడుతుంది. మీరు ఎంత ఖరీదైన గుడ్డ కప్పినా అది తడుస్తుంది. పైగా 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా కిమిడి చుట్టుపక్కల రేకులు ఎగిరిన తీరు నేను కళ్లారా చూశాను. ఎగిరిన రేకు కత్తిలాంటిది. డబ్బు ఉంటే స్లాబు వేయించండి. లేదంటే కనీసం రేకుల కింద ఇన్సులేషన్ షీటు పరిచి, కొక్కేలకు బదులు వెడల్పాటి వాషర్లతో బోల్టులు బిగించి, దూలాలను గోడల్లోని కాంక్రీటు బెల్టుకు కట్టించండి.

గచ్చు కింద నుంచి చెమ్మ వస్తోందో లేదో తెలుసుకోవడానికి రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగువైపులా టేపుతో నేలకు అంటించి ఒక రోజంతా ఉంచండి. ఎత్తి చూస్తే అడుగున నీటి బొట్లు ఉంటే, పాత గచ్చు తవ్వి, మందపాటి పాలిథిన్ షీటు పరిచి, దాని మీద నాలుగంగుళాల కాంక్రీటు వేయాలి. ఆ పని చేయకుండా పైన ఎపాక్సీ రంగు పూస్తే రెండు వానాకాలాల్లో పొక్కులు లేస్తుంది. చివరిగా, పందికొక్కులు. అవి పునాది కింద నుంచి బొరియ తవ్వి వస్తాయి. ఎలుకలు షట్టర్ కింది సందులోంచి వస్తాయి. షట్టర్ అడుగున రబ్బరు పట్టీ, గాలి కిటికీలకు పావు అంగుళం సందుల ఇనుప జాలీ తప్పనిసరి. వైర్లు కొరికిన కారును తోయించుకుని వచ్చినవారిని నేను చూశాను.

బల్లార్షా బాటసారి (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా):

పైన ఇద్దరూ చెప్పినవి చదివాక నాకు ఒక విచిత్రం తోచింది. మీకు ఉప్పు, నీరు శత్రువులు. మా దగ్గర ఎండ, బొగ్గు దుమ్ము. మే నెలలో 46, 47 డిగ్రీలు మాకు వార్త కాదు. గనుల వైపు నుంచి వచ్చే లారీలు రాల్చిన పొడి, విద్యుత్ కేంద్రం బూడిద అన్నీ కారు మీద పలుచగా పరుచుకుంటాయి. మా ఆవిడ దాన్ని కారుకు పెట్టిన విభూతి అంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే పెయింటు మీద వెంట్రుకవాసి గీతలు పడతాయి కాబట్టి ముందు నీటితో జారవిడిచి ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి. గాలి ఆడే చోట గుడ్డ కప్పి ఉంచడం కూడా ప్రమాదమే. గాలికి గుడ్డ కదిలి, కింద ఉన్న దుమ్ముతో పెయింటును రోజంతా రుద్దుతూ ఉంటుంది.

కానీ రెండు చోట్లా ఒకేలా వర్తించే సంగతి ఒకటుంది. దాని మీద ఛత్రపురం పెద్దాయన ఎక్కువ చెప్పలేదు. చాలామంది వారానికొకసారి షెడ్డులోనే కారు స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి, ఆపేసి, కారును బాగా చూసుకున్నామని తృప్తిపడతారు. అంతకన్నా స్టార్ట్ చేయకపోవడమే నయం. ఇంజన్ వేడెక్కకముందే ఆపితే, లోపల ఏర్పడిన నీరు, కాలని పెట్రోలు ఆయిల్‌లో కలిసి ఉండిపోతాయి. కూలెంట్ ముల్లు నిలకడకు వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, అది వెనుక తీరికగా వేడెక్కుతుంది. 718లో ఆయిల్ ఉష్ణోగ్రత చూపించే చోటు ఉంది. అది 90 డిగ్రీలు చేరేదాకా ఇంజన్‌ను గట్టిగా తిప్పకండి, చేరాక కనీసం అరగంట నడపండి. నెలకు రెండుసార్లు అలా నడిపితే మీ కారుకు అంతకన్నా మందు లేదు. బరంపురం నుంచి రంభ దాకా వెళ్లి రావడం సరిపోతుంది. మీకు అలాంటి జాతీయ రహదారి ఇంటి ముంగిట ఉంది, మాకు నాగ్‌పూర్ వెళ్లే దారి తప్ప గతి లేదు.

పెట్రోలు సంగతి కూడా చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. ట్యాంకు మూత లోపల ఏ పెట్రోలు వరకు పనికివస్తుందో రాసి ఉంటుంది, అది చదివి దాని ప్రకారమే పోయించండి. ఆక్టేన్ 95కు తగ్గకూడదు. నెలల తరబడి నిలపవలసి వస్తే ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ చోటు తగ్గితే లోపల చెమరించే గాలి తగ్గుతుంది. టైర్లలో గాలి కూడా కంపెనీ చెప్పినదానికన్నా నాలుగైదు పాయింట్లు (పీఎస్ఐ) ఎక్కువ పెట్టి నిలపండి, మళ్లీ బయలుదేరే ముందు తగ్గించడం మరవకండి. విడిభాగాల విషయంలో ఓపిక పెంచుకోండి. బెత్తెడు రబ్బరు పైపు కోసం నేను రెండు నెలలు ఎదురుచూశాను, ఆ రెండు నెలలూ నా కారు ఇంట్లో వినాయకుడిలా కూర్చుంది.

పాతకార్ల ప్రేమికుడు (ఛత్రపురం):

బల్లార్షా మిత్రుడి మాటను ఒప్పుకుంటున్నాను. స్టార్ట్ చేసి ఆపే అలవాటు నాకూ మొదట్లో ఉండేది.

ఒక చేర్పు. షెడ్డులో డీహ్యుమిడిఫయర్ (గాలిలోని తేమను లాగేసే యంత్రం) పెట్టాలా అని మీరు తప్పక అడుగుతారు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది కాబట్టి 50, 55 మధ్య ఉంచగలిగితే మంచిదే. కానీ అది మూసి ఉన్న గదిలోనే పనిచేస్తుంది. రోలింగ్ షట్టర్ సందుల్లోంచి బయటి గాలి వస్తూ ఉంటే ఆ యంత్రం బంగాళాఖాతాన్ని ఆరబెట్టే పనిలో ఉంటుంది, మీకు కరెంటు బిల్లు మిగులుతుంది. ముందు కాంట్రాక్టరు గారు చెప్పిన కప్పు, గచ్చు, షట్టర్ పట్టీ సరిచేయించండి. వంద రెండువందల రూపాయల తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి ఒక నెల చూడండి. ఆ తర్వాతే యంత్రం కొనాలో వద్దో నిర్ణయించండి. మా ఇంట్లో జూన్ నుంచి అక్టోబరు దాకా మాత్రమే నడుపుతాను. జనవరిలో కిటికీ తెరిచి ఉంచితే చాలు.

పట్టునగరవాసి (బరంపురం):

మీ ముగ్గురికీ ధన్యవాదాలు. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ సంగతులు కూడా కనుక్కున్నాను గనుక ఇతరులకు పనికివస్తుందని రాస్తున్నాను. తెలంగాణ నంబరు కారును పన్నెండు నెలలకు మించి ఒడిశాలో ఉంచితే ఇక్కడ తిరిగి రిజిస్టర్ చేయించాలి. దానికి అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి, ఇక్కడ మళ్లీ రోడ్డు పన్ను కట్టాలి. ఆ మొత్తాన్ని కారు ధరలో కలిపి లెక్కవేసుకోకపోతే మోసపోయేవాడిని. ఇన్సూరెన్సులో వరద, తుపాను నష్టం ఉన్నా, నీట మునిగిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి పాడుచేస్తే మామూలు పాలసీ ఇవ్వదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవరు తీసుకోవాలి.

నిన్న హైదరాబాద్‌లో స్కానర్ పెట్టించాను. 681 గంటలు వచ్చాయి. టైర్ల మీద మాత్రం 4117 అని ఉంది, అంటే కారు కన్నా ముందు పుట్టినవి. అమ్మే ఆయనకు ఆ నాలుగంకెల అర్థం తెలియదు. చెప్పాక కాసేపు మౌనంగా ఉండి, ధర తగ్గించడానికి ఒప్పుకున్నారు. ముందు బంపరు గాలి నోళ్లలోకి టార్చి వేసి చూస్తే ఆకులు ఉన్నాయి గాని, హైదరాబాద్ ఆకులు కాబట్టి పొడిగా ఉన్నాయి. విప్పించి శుభ్రం చేయించి ఇవ్వమని అడిగాను.

అయినా బయానా ఇంకా ఇవ్వలేదు. కాంట్రాక్టరు గారు చెప్పినట్టు ప్లాస్టిక్ షీటు అంటించి చూస్తే పొద్దుటికి అడుగున నీరు నిలిచింది. పక్క గోడ జరపడానికి అమ్మ పెంచిన సన్నజాజి పందిరి అడ్డం. ఆమె ఒప్పుకోలేదు కాబట్టి ఎడమ గోడకు ఆనించి నిలిపే ఉపాయమే నాకు గతి. కిమిడి కాంట్రాక్టరు గారూ, గచ్చు తవ్వి పోసిన కొత్త కాంక్రీటు మీద ఎన్ని రోజుల తర్వాత కారు ఎక్కించవచ్చు?

కిమిడి కాంట్రాక్టరు (పర్లాకిమిడి):

ఇరవై ఎనిమిది రోజులు ఆగండి. మొదటి రెండు వారాలు గోనెసంచులు పరిచి నీళ్లు పెట్టాలి. ఎపాక్సీ వేయించాలనుకుంటే కాంక్రీటు ఎండటానికి ఇంకో నెల ఇచ్చి, అదే ప్లాస్టిక్ షీటు పరీక్ష మళ్లీ చేసి, అడుగు పొడిగా ఉంటేనే వేయించండి. ఈ పనంతా వానలు మొదలవకముందే ముగించాలి గనుక, కారు బేరం కన్నా ముందు మేస్త్రీతో బేరం కుదుర్చుకోండి. సన్నజాజి వేళ్లు గోడ పునాది వైపు వెళ్లకుండా ఆ పక్కన ఒక పలక నిలబెట్టించండి, అమ్మగారికి కూడా అభ్యంతరం ఉండదు.